స్టేషనుకు మన పేరు, ఇల్లు మాత్రం వాంగణీలో



వర్లీ నాకా దగ్గర నేల లోపల కట్టిన మెట్రో స్టేషనుకు ఆచార్య అత్రే చౌక్ అని పేరు పెట్టారు. 2025 మే 9న బాంద్రా-కుర్లా కాంప్లెక్సు నుంచి ఇక్కడి దాకా లైను ప్రారంభించారు. మరునాటి నుంచి జనాన్ని ఎక్కించుకున్నారు. అదే మే 9న బెస్టు బస్సు చార్జీ పెంచారు. మామూలు బస్సులో అయిదు రూపాయల టికెట్టు పది రూపాయలయింది. ఏసీ బస్సులో ఆరు రూపాయలది పన్నెండయింది. నేల కింద రిబ్బను కత్తిరించిన రోజే నేల మీద జేబు కత్తిరించారు. రెండూ ఒకే రోజున పడడం యాదృచ్ఛికమే అనుకుందాం. అయినా మనలాంటి వాళ్ళకు ఎప్పుడూ రెండోదే వంతుకు వస్తుంది, అదేమి యాదృచ్ఛికమో మాకు అర్థం కాదు.

ఆ తర్వాత పదిహేడు రోజులకే, మే 26న, వానలు ముందుగా వచ్చి బొంబాయిని ముంచాయి. స్టేషనులో ఇంకా పని పూర్తికాని ఒక దారి దగ్గర నీళ్ళను ఆపడానికి కట్టిన గోడ కూలింది. బురద నీళ్ళు ప్లాటుఫారం మీదికి పారాయి. బండ్లను వర్లీ స్టేషను దగ్గరే ఆపి వెనక్కు తిప్పవలసి వచ్చింది. ఊరంతా నవ్వింది. మేము ఆ నవ్వులో కలవలేదు. గోడ కూలితే మళ్ళీ కట్టుకుంటారు, ఇంజనీర్ల తప్పు ఇంజనీర్లు దిద్దుకుంటారు. ఈ బులెటిన్ లో మేము మాట్లాడదలచింది గోడ కూలడం గురించి కాదు. స్టేషను మీద, స్టేషను చుట్టూ ఉన్న నేల గురించి. ఆ నేల ఎవరిది, ఎవరి చేతుల్లోకి పోయింది, అక్కడ పని చేసినవాళ్ళను ఇప్పుడు ఎక్కడికి పొమ్మంటున్నారు అన్నదాని గురించి.

ముందే ఒక మాట. మేము మెట్రోకు వ్యతిరేకులం కాము. 2025 అక్టోబరులో లైను కఫ్ పరేడ్ దాకా పూర్తయిన తర్వాత మా కార్యవర్గంలోని ముసలివాళ్ళం కొందరం కలిసి దిగి చూశాం. పది రూపాయల టికెట్టు తీసుకుని, కదిలే మెట్ల మీద ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగాం. పైన ఎండ, లోపల చల్లగాలి. మాలో సాంచా ఖాతాలో ముప్పై ఏళ్ళు నిలబడ్డవాళ్ళున్నారు. దారం తెగకూడదని కిటికీలు బిగించి, తేమ పట్టించి, మనుషుల్ని ఉడకబెట్టిన రోజులు వాళ్ళకు గుర్తుకు వచ్చాయి. నూలు కోసం గాలిని మార్చిన యజమాని మనిషి కోసం ఏనాడూ మార్చలేదు. ఇక్కడ మనుషుల కోసం మార్చారు, మంచిదే. ఒక పెద్దాయన గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు చూసి, "కట్టినోళ్ళు పనిమంతులు" అన్నాడు. అంతకు మించిన మెప్పు ఆయన నోట మేము వినలేదు.

ఆ పనిమంతులు ఎవరు? బిహారు, ఝార్ఖండ్, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చి తాత్కాలిక షెడ్లలో పడుకుని సొరంగం తవ్వినవాళ్ళు. లైను తెరిచే నాటికి వాళ్ళు ఇంకో ఊళ్ళో ఇంకో గుంతలో ఉన్నారు. మనకు ఇది కొత్త కథ కాదు. ఈ ఊరికి తెలుగు నేల నుంచి మొదట వచ్చిన మన తాతలు రాళ్ళు కొట్టి, మట్టి మోసి మేడలు కట్టారు. కామాఠీలు అన్నారు వాళ్ళను. వాళ్ళు కట్టిన మేడలకు దొరల పేర్లు మిగిలాయి. వాళ్ళున్న వీధికి కామాఠీపురా అన్న పేరు మిగిలింది, ఆ పేరుకు తర్వాత పట్టించిన గతేమిటో మీకు తెలుసు. వాళ్ళ వెనుక కరీంనగరం, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు నుంచి మగ్గం ఆగిపోయిన పద్మశాలీలు వచ్చి మిల్లుల్లో చేరారు. కాబట్టి సొరంగం తవ్వినవాడు మనకు పరాయివాడు కాదు, మన తాత వరసే.

స్టేషను చూసి పైకి వచ్చాక గణపతరావ్ కదమ్ మార్గ్ మీదుగా లోయర్ పరేల్ వైపు నడిచాం. ఒకప్పుడు ఆ దారిలో తలెత్తితే పొగగొట్టాలు కనపడేవి. భోంగా మోగితే ఏ మిల్లుదో గొంతును బట్టి చెప్పేవాళ్ళం. ఇప్పుడు తలెత్తితే అద్దాల మేడలు, మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. ఏ గేటు ఎక్కడుండేదో మాలో మాకే వాదం వచ్చింది. గేటు మీటింగుల్లో గొంతు పోయేలా అరిచినవాళ్ళం, గేటు ఎక్కడో చెప్పలేకపోయాం.

అప్పుడు మాతో ఉన్న కుర్రవాడొకడు, మన రిటైరు కార్మికుడి మనవడే, అక్కడి ఒక ఆఫీసులో కంప్యూటరు మీద పని చేస్తాడు, ఇలా అన్నాడు: "కాకా, ఊరు మారింది, మెట్రో అచ్చింది. మీ యూనియనోళ్ళు ఇంకా ఎనభై రెండు దగ్గరనే నిలబడ్డరు. సర్కారు శేలూల, వాంగణీల ఇండ్లిస్త అంటున్నది గదా, తీసుకోరాదు? గీ మెట్రోతోని మీకేం నష్టం?"

కుర్రవాడి మీద మాకు కోపం లేదు. ఈ మాట మన చాళీల్లో పది నోళ్ళ వెంట వింటున్నాం. పేపర్లు రోజూ ఇదే చెబుతున్నాయి. అందుకని జవాబు రాసి ఇవ్వడం మంచిదనుకున్నాం.

నష్టం మెట్రోలో లేదు, లెక్కలో ఉంది. ఈ మూడో లైను పొడవు 33.5 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, వాటిలో 26 నేల లోపలివే. మొదట 23,136 కోట్లవుతుందన్నారు, తర్వాత 37,276 కోట్లకు పెంచారు. అందులో పెద్ద వాటా జపాను సంస్థ జైకా ఇచ్చిన అప్పు. అప్పు తీర్చేది ప్రజల సొమ్ము. అంటే సిరిసిల్ల వెళ్ళిపోయిన మన విధవరాలు కొనే సబ్బు మీద పన్ను కూడా ఎక్కడో ఒకచోట అందులో కలుస్తుంది. ఇంత సొమ్ము పోసి నేల కింద రైలు వేస్తే, నేల మీది స్థలానికి ధర పెరుగుతుంది. ఆ పెరిగిన ధర ఎవరి జేబులో పడుతోంది? ఖర్చు అందరిది, లాభం స్థలం పట్టుకున్నవాడిది. ఆ స్థలం వాడి చేతికి ఎలా వచ్చిందో చూస్తే కుర్రవాడి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

1982 జనవరి 18న సమ్మె మొదలయింది. దాదాపు రెండున్నర లక్షల మందిమి గేట్లు దాటి బయటికి వచ్చాం. దత్తా సామంత్ నాయకత్వం. ఆ సమ్మెను ఎవరూ ముగించలేదు, అది ఆకలితో అరిగిపోయింది. కొందరు భివండీ సాంచాల మీదికి పోయారు, కొందరు షోలాపురం, కొందరు ఊరికి. అప్పటికే మిల్లు యజమానుల కళ్ళు బట్ట మీద లేవు, బట్ట నేసే షెడ్డు కింద ఉన్న నేల మీద ఉన్నాయి. గిరణ్ గావ్ లో మిల్లుల చేతిలో సుమారు 600 ఎకరాలుంది.

1991లో సర్కారు అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో 58వ నిబంధన పెట్టింది. మూసిన మిల్లు స్థలాన్ని మూడు భాగాలు చెయ్యాలి. ఒకటి మునిసిపాలిటీకి, తోటలకు, మైదానాలకు. ఒకటి మ్హాడాకు, ఇళ్ళకు. మిగిలింది యజమానికి. ఇది మనకు పూర్తి న్యాయం కాదు, అయినా ఏదో ఒక న్యాయం. మూడో వంతంటే దాదాపు 200 ఎకరాలు ఇళ్ళకు. మనం సంబరపడ్డాం. ఆ తర్వాత పదేళ్ళు యజమానులు కదలలేదు, ఎందుకు కదలలేదో మనం అడగలేదు. 2001లో తెలిసింది. నిబంధన సవరించి ఒక చిన్న మాట చేర్చారు: పంచవలసింది మొత్తం స్థలం కాదు, కట్టడాలు లేని ఖాళీ జాగా మాత్రమే. మిల్లులో ఖాళీ జాగా ఎక్కడిది? షెడ్డు, గోదాము, చాళీ, బాయిలరు ఇల్లు, అన్నీ కట్టడాలే. షెడ్డు కూలగొట్టినా లెక్కలో అది కట్టడమే. ఇలా ఒక్క మాటతో 200 ఎకరాలు మన కాళ్ళ కింద నుంచి జారిపోయాయి. సొరంగం అంటే నిజంగా అదీ. ఏ యంత్రమూ అంత చప్పుడు లేకుండా తవ్వలేదు.

పర్యావరణ సంస్థ ఒకటి కోర్టుకు పోయింది. 2005 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఆ సవరణను తప్పు పట్టింది. 2006 మార్చి 7న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును కొట్టేసింది. ఇంతలోనే 2005లో నేషనల్ టెక్స్ టైల్ కార్పొరేషను, అంటే సర్కారు సొంత మిల్లుల సంస్థ, తన స్థలాలను వేలం వేసింది. లోయర్ పరేల్ లోని ముంబయి టెక్స్ టైల్ మిల్లును డీఎల్ఎఫ్ కంపెనీ 702 కోట్లకు కొన్నది. 2012లో అదే స్థలాన్ని లోఢా కంపెనీకి 2,727 కోట్లకు అమ్మింది. ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో అక్కడ గజం బట్ట నెయ్యలేదు. రెండు వేల కోట్లు ఊరికే పుట్టాయి. మన బదిలీ కార్మికుడు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, పని దొరక్క, టిఫిను డబ్బా అలాగే ఇంటికి తెచ్చుకుంటే ఆ రోజు కూలి సున్నా. నేల మాత్రం పని చెయ్యకుండా పడుకుని కోట్లు సంపాదించవచ్చు. ఇదీ వాళ్ళ అర్థశాస్త్రం.

ఇక మన ఇళ్ళ సంగతి. లక్షన్నర మందికి పైగా కార్మికులు, వారసులు దరఖాస్తులు పెట్టుకున్నారు. 2012లో మొదటి లాటరీ, 6,925 ఇళ్ళు. 2016లో రెండు లాటరీలు, ముంబయిలో 2,634, పన్వేల్ దగ్గర కోన్ లో 2,417. 2020 మార్చిలో 3,894. అన్నీ కూడితే 15,870. పదిమందిలో ఒక్కరికి. కోన్ లో చీటీ తగిలినవాళ్ళు తాళం చెవి కోసం ఏళ్ళ తరబడి కూర్చున్నారు, మధ్యలో ఆ ఇళ్ళను కరోనా క్వారంటైనుకు వాడుకున్నారు. చీటీ వచ్చి చెవి రాకుండా పోయినవాళ్ళకు సర్కారు ఏం సమాధానం చెబుతుంది?

మిగిలిన తొమ్మిది మందికి 2024 మార్చి 15న జీఆర్ తెచ్చారు. శేలూ, వాంగణీలలో ప్రయివేటు బిల్డర్ల చేత 81 వేల ఇళ్ళు కట్టిస్తామన్నారు. ఇల్లు పదిహేను లక్షలు, అయిదున్నర లక్షలు సర్కారు ఇస్తుంది, తొమ్మిదిన్నర లక్షలు కార్మికుడు కట్టాలి. శేలూ ఎక్కడుందో తెలియనివాళ్ళకు చెబుతున్నాం: బద్లాపూర్ దాటి, వాంగణీ దాటి, నేరళ్ కు ముందు. వీటీ నుంచి 80 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. కర్జత్ లోకల్ లో నిలబడి రెండు గంటల దగ్గర పడుతుంది. జీఆర్ లో 17వ షరతు ఇంకా గొప్పది. ఆ ఇల్లు వద్దన్నవాడికి ఇక ఇంటి హక్కే లేదన్నారు. 2025 జూలై 9న ఆజాద్ మైదానానికి వాన లెక్క చెయ్యకుండా మిల్లు కార్మికులు తరలివచ్చారు. ముసలమ్మలు కర్ర పట్టుకుని వచ్చారు. ఆ షరతు తీసేస్తామని ఉప ముఖ్యమంత్రి మాట ఇచ్చారు. ఒక షరతు తీసేస్తే వాంగణీ దగ్గరికి జరగదు.

"ఏదీ లేనిదానికంటే వాంగణీ నయం గదా" అంటారు. ఎవరికి నయం? డెబ్బయి ఏళ్ళు దాటిన కార్మికుడికి మందు కేఈఎం ఆసుపత్రిలో. కొడుకు పని ప్రభాదేవిలో. కోడలు నాలుగిళ్ళలో వంట చేసేది వర్లీలో. మనవడి బడి ఇక్కడ. అక్కడ తొమ్మిదిన్నర లక్షల అప్పు, నెలకింత వాయిదా. ఈపీఎఫ్ కనీస పింఛను 2014లో వెయ్యి రూపాయలన్నారు, ఆ వెయ్యి మీద మన వాళ్ళు ఎందరు బతుకుతున్నారో మీరే చూస్తున్నారు. ఈ మెట్రోలో ఆ చివరి నుంచి ఈ చివరికి 70 రూపాయలు, రానూ పోనూ 140. ఏడు రోజులు తిరిగితే పింఛను అయిపోతుంది, ఇరవై రూపాయలు మిగులుతాయి. చాయ్ తాగవచ్చు.

"బొంబాయిలో జాగా ఎక్కడిది" అన్నది రెండో వాదం. ఇది పచ్చి అబద్ధం. వర్లీ నాకా నుంచి జీ.ఎం. భోస్లే మార్గ్ లో కాస్త దూరం పోతే బీడీడీ చాళీలు. తెల్లవాళ్ళ కాలంలో, 1920లలో కట్టినవి. అక్కడివాళ్ళు ఉన్నచోటే ఇల్లు కావాలని ఏళ్ళ తరబడి పట్టుబట్టారు. 2025 ఆగస్టు 14న 556 కుటుంబాలకు తాళాలు ఇచ్చారు. 500 చదరపు అడుగులు, ఒక్క రూపాయి తీసుకోకుండా, అదే వర్లీలో. వాళ్ళకు వచ్చినందుకు మాకు సంతోషం, వాళ్ళలో సగం మంది మనతో పాళీలు పంచుకున్నవాళ్ళే. వర్లీలో వాళ్ళకు దొరికిన జాగా మనకు ఎందుకు దొరకదు?

ఇంకొకటి. ఇదే మెట్రో కోసం గిర్గావ్, కాల్బాదేవీలలో పాత చాళీలు కూల్చవలసి వచ్చింది. అక్కడి కుటుంబాలు మమ్మల్ని ఊరవతలికి తోస్తే ఖాళీ చెయ్యం అన్నారు. ఉన్నచోటే ఇళ్ళు కట్టిస్తామని మెట్రో సంస్థ ఒప్పుకుని కాగితం మీద పెట్టింది. అంటే స్టేషను దగ్గర మామూలు మనిషికి ఇల్లు కట్టడం ఇంజనీరింగుకు అసాధ్యం కాదు. అడిగేవాళ్ళు కలిసి నిలబడితే అది సాధ్యమే.

మూడోది, ఇది మొన్న మొన్నటిది. లోయర్ పరేల్ లో పేదల ఇళ్ళ కోసమని మునిసిపాలిటీ 1927లో ఒక స్థలాన్ని సెంచరీ మిల్లుకు 28 ఏళ్ళ లీజుకు ఇచ్చింది. లీజు 1955లోనే తీరింది. స్థలం మిల్లు చేతిలోనే ఉండిపోయింది. తమ పేర సొంతం చెయ్యాలని కంపెనీ హైకోర్టులో గెలిచింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి మునిసిపాలిటీ వైపు చెప్పింది. పేదల ఇళ్ళకని ఇచ్చిన స్థలం పేదల ఇళ్ళకే వాడండి అని అడగడానికి ఇంతకంటే సూటి కారణం ఏం కావాలి? ఈ స్థలం పేరు ఏ మంత్రి నోటా మాకు వినిపించలేదు.

ఇప్పుడు స్టేషను పేరు సంగతి. ఆచార్య అత్రే ఎవరో కుర్రవాళ్ళకు తెలియకపోవచ్చు. పెద్ద రచయిత, "మరాఠా" పత్రిక సంపాదకుడు, సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో గొంతు చించుకుని మాట్లాడినవాడు. ఆ ఉద్యమం వెన్నెముక మిల్లు కార్మికులు. 1955, 56లలో పోలీసు కాల్పుల్లో నూరుమందికి పైగా చనిపోయారు. వాళ్ళ పేరనే ఫ్లోరా ఫౌంటెన్ హుతాత్మా చౌక్ అయింది. ఇదే లైనులో ఆ పేరుతో కూడా ఒక స్టేషనుంది. ఒకే రైలు దారిలో మన ఉద్యమానికి రెండు స్టేషన్ల పేర్లు. భాష వేరైనా అప్పుడు మనవాళ్ళు కూడా ఆ ఊరేగింపుల్లో నడిచారు, మిల్లు గేటు బయట మరాఠీ తెలుగు అనే తేడా ఉండేది కాదు. మేము ఆ పేర్లకు దండం పెడతాం. కానీ కొన్ని స్టేషన్ల పేర్ల ముందు బ్యాంకుల, బీమా కంపెనీల పేర్లు కూడా ఎక్కాయి, డబ్బు కట్టి కొనుక్కున్నారు. కంపెనీవాడు పేరు కొన్నాడు, నేల కూడా కొన్నాడు. మనకు పేరు ఊరికే ఇచ్చారు, నేల తీసుకున్నారు.

"మెట్రో వస్తే లోకల్ లో రద్దీ తగ్గి కార్మికులకే మేలు" అన్నవాళ్ళకు ఒక్క తేదీ గుర్తు చేస్తాం. 2017 సెప్టెంబరు 29, ఎల్ఫిన్ స్టన్ రోడ్ స్టేషను పాదచారుల వంతెన మీద తొక్కిసలాట. 23 మంది చనిపోయారు. మిల్లుల కాలం నాటి ఇరుకు మెట్లు. మిల్లుల స్థానంలో ఆఫీసు మేడలు లేచాయి, జనం ఎన్నో రెట్లు పెరిగారు. మేడలకు అనుమతి ఇచ్చేటప్పుడు, ఈ జనమంతా ఏ మెట్లు దిగి వస్తారని ఎవరూ లెక్క వెయ్యలేదు. చావులు జరిగాక సైన్యం వచ్చి కొద్ది నెలల్లో వంతెన కట్టింది. కట్టగలిగింది ముందే ఎందుకు కట్టలేదు? మేడలో ఉండేవాడికి ఆ వంతెన పని లేదు గనుక. మేలు కోరేవాళ్ళు మొదట అక్కడ మేలు చేసి ఉండవలసింది.

ఇన్ని అన్నాక మన తప్పు కూడా చెప్పుకోవాలి. లేకుంటే ఇది బులెటిన్ కాదు, ఏడుపు. 1991లో నిబంధన రాగానే గెలిచామనుకుని నిద్రపోయినవాళ్ళలో మేమూ ఉన్నాం. 2001 సవరణ అచ్చయిన కాగితం మా ఆఫీసులో ఎవరూ సకాలంలో చదవలేదు. ఇంగ్లీషులో ఉందని పక్కన పెట్టాం. ఇంకా పెద్ద తప్పు మన తెలుగువాళ్ళది ప్రత్యేకంగా ఒకటుంది. "ఎప్పటికైనా ఊరికి పోయేటోళ్ళమే, బొంబాయిల ఇల్లెందుకు" అన్న మాట. ఆ మాట అంటూనే మూడు తరాలు గడిచాయి. ఊళ్ళో ఇల్లు తమ్ముడిది అయింది, ఇక్కడి ఖోలీ అద్దెది. దరఖాస్తులు పెట్టమని తిరిగినప్పుడు ఊరికి వెళ్ళిపోయినవాళ్ళకు కబురు అందలేదు. ఉన్నవాళ్ళలో కొందరు ఏజెంటుకు డబ్బు ఇచ్చి ఫారం పారేసుకున్నారు.

పెట్టినవాళ్ళకు ఇంకో చిక్కు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, పేరు వెనక. మిల్లు గుమాస్తా మరాఠీ పద్ధతిలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు రాసుకున్నాడు. మస్టరులో ఒక వరస, రేషను కార్డులో ఒక వరస, ఆధారులో మూడో వరస. రాజయ్య రాజన్న అయ్యాడు, మల్లయ్య మలప్ప అయ్యాడు. మిల్లులో హాజరు పిలిచినప్పుడు ఏ పేరుతో పిలిచినా పలికి సాంచా దగ్గరికి పోయాం, అప్పుడు అవసరం పని. ఇప్పుడు ఇంటి కోసం పోతే ఈ మనిషి ఆ మనిషి కాదు అంటున్నారు. భర్త పోయిన ఆడవాళ్ళకు ఇది మరీ కష్టం, పెళ్ళినాటి పేరు ఒకటి, ఇక్కడి కాగితాల్లో మరొకటి. అర్హుల జాబితా నుంచి కొట్టెయ్యడానికి ఇంతకంటే సుళువు సాకు వాళ్ళకు దొరకదు, మనమే అందిస్తున్నాం.

భివండీ సోదరులు ఇదంతా బొంబాయి గోల అనుకోవద్దు. ఠాణే, భివండీ, కల్యాణ్ మెట్రో 5 పనులు మీ ఊళ్ళోకి వచ్చాయి. స్తంభాలు లేచిన చోట జాగా ధరలు ఎలా ఉన్నాయో, సాంచాల షెడ్ల యజమానులు ఏం మాట్లాడుకుంటున్నారో మీకే తెలుసు. షెడ్డు అమ్ముడుపోయిన రోజున అందులో నేసేవాడికి ఏం వస్తుందని ఇప్పుడే అడగండి. మేము 2001 దాకా ఆగి అడిగాం.

మా డిమాండు ఏమిటంటే, మిల్లు కార్మికుల ఇళ్ళు ముంబయిలోనే కావాలి. మొదట లోయర్ పరేల్ లో కోర్టు మునిసిపాలిటీకి ఇచ్చిన స్థలం తేల్చండి. నేషనల్ టెక్స్ టైల్ కార్పొరేషను దగ్గర ఇంకా మిగిలి ఉన్న స్థలాల జాబితాను ఎకరాలతో సహా ప్రకటించండి. మెట్రో స్టేషన్ల చుట్టూ అదనపు అంతస్తులకు అనుమతి ఇచ్చేటప్పుడు అందులో కొన్ని అంతస్తులు మన జాబితాలో ఉన్నవాళ్ళకు అని షరతు పెట్టండి. శేలూ, వాంగణీ కోరుకునేవాళ్ళుంటే వాళ్ళకు ఇవ్వండి, మాకు అభ్యంతరం లేదు, కొందరికి ఊరి గాలి ఇష్టం. వద్దన్నవాళ్ళ పేరు కొట్టెయ్యకండి. ఆ స్టేషన్లలో ఊడ్చేవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు ఎక్కువమంది ఏజెన్సీల మనుషులు. వాళ్ళను యూనియనులో చేర్చుకునే పని ఎవరైనా మొదలుపెడితే మేము వెంట నడుస్తాం. కొత్త మిల్లు అదే మరి, నేల కింద ఉంది.

ఇక కాగితాల పని. వచ్చే నెల ప్రతి ఆదివారం పొద్దున్న నుంచి యూనియను ఆఫీసు తెరిచి ఉంటుంది. పేరు తేడా ఉన్నవాళ్ళు మిల్లు టికెట్టు నంబరు, పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు, పాత జీతం చీటీ, గేటు పాసు, ఏది ఉంటే అది తీసుకుని రండి. ఏదీ లేకపోతే ఏ ఖాతాలో ఏ సంవత్సరాల్లో పని చేశారో, జాబరు ఎవరో గుర్తు తెచ్చుకుని రండి, పక్క సాంచా మీద పని చేసినవాళ్ళను కలిపి వెతుకుదాం. రెండు పేర్లు ఒకే మనిషివని రాసే అఫిడవిట్ కు ఒక వకీలు వచ్చి కూర్చుంటారు, స్టాంపు ఖర్చు తప్ప డబ్బు ఎవరికీ ఇవ్వకండి. కరీంనగరం, సిరిసిల్ల, నల్లగొండ వైపు వెళ్ళిపోయిన పాత కార్మికుల చిరునామాలు మీ దగ్గర ఉంటే రాసి పంపండి. పోయినవాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళకు ముందు కబురు చెయ్యండి. భివండీ నుంచి వచ్చేవాళ్ళు మధ్యాహ్నం మూడు తర్వాత వస్తే ఆఫీసులో రద్దీ తక్కువగా ఉంటుంది.